సోప్ రైటర్లని పోల్చాలంటే పెళ్లి ఎపిసోడ్ కాదు, ఆ తర్వాత వచ్చే మంగళవారం చూడండి

అమెరికన్ డేటైమ్ సోప్స్, అంటే పగటిపూట రోజూ వచ్చే సీరియళ్ళు, చూసేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది, ఏ హెడ్ రైటర్ గొప్ప, ఎవరొచ్చి షోని ముంచేశారు అని. నేనూ ఏళ్ల తరబడి ఆ గొడవలో ఉన్నాను. ఒకరోజు నా వాదనలన్నీ వరసగా చూసుకుంటే తేలిందేంటంటే, నాకిష్టమైన జంటని కలిపినవాళ్ళని మంచి రైటర్ అంటున్నా, విడగొట్టినవాళ్ళని పనికిరాని రైటర్ అంటున్నా, అంతకుమించి అందులో ఏమీ లేదు. అది అభిమానం, పోలిక కాదు. వారానికి ఐదు రోజులు, ఏడాదికి దాదాపు 250 ఎపిసోడ్లు, సీజన్ బ్రేక్ అనే మాటే లేకుండా రాసేవాళ్ళ పనిని అంత తేలిగ్గా తేల్చేయడం నాకే నచ్చలేదు. అందుకని నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను, అదే ఇక్కడ చెప్తున్నా.

అన్నిటికంటే ముందు ఎవరు ఏం రాస్తారో తెలుసుకోవాలి. హెడ్ రైటర్ అంటే రోజూ కూర్చుని డైలాగులు రాసే మనిషి అనుకుంటారు చాలామంది, కాదండి. హెడ్ రైటర్ పని కొన్ని నెలల పాటు కథ ఎటు నడవాలో గీసిపెట్టడం. దాన్ని తీసుకుని ఈరోజు ఎపిసోడ్‌లో ఏ సీన్ తర్వాత ఏ సీన్, ఎవరు ఎక్కడున్నారు, ఎక్కడ ఆపాలి అని రోజు లెక్కన విడగొట్టేవాళ్ళు బ్రేక్‌డౌన్ రైటర్లు. ఆ అవుట్‌లైన్ మీద మాటలు రాసేవాళ్ళు స్క్రిప్ట్ రైటర్లు. ఇన్ని చేతులు పడ్డ కథ ఒకే గొంతుతో వినిపించేలా సరిచేసేది స్క్రిప్ట్ ఎడిటర్. వీళ్ళందరి మీద ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, ఆ పైన నెట్‌వర్క్. కాబట్టి మాటలు పేలవంగా ఉంటే హెడ్ రైటర్ని తిట్టడం, కథ దారి తప్పితే డైలాగ్ రాసినవాళ్ళని తిట్టడం, రెండూ అన్యాయమే.

ప్యాట్రిక్ మల్కేహీ సంగతే తీసుకోండి. చాలా ఏళ్ళు చాలా షోలకి స్క్రిప్టులు రాశారు, 2024లో జనరల్ హాస్పిటల్ అనే సోప్‌కి కో హెడ్ రైటర్ అయ్యారు. ఆయన స్క్రిప్ట్ ఉన్న రోజు ఇద్దరు మనుషులు గదిలో నిలబడి మాట్లాడుకున్నా తేడా తెలిసిపోయేది నాకు, ట్రాక్ అదే, పాత్రలు అవే, నిన్నటి కథే, మాటకి మాత్రం పదును వచ్చేది. అదే మనిషి కథ మొత్తం చూసుకునే కుర్చీలో కూర్చున్నప్పుడు మనం చూడాల్సినవి వేరే. రెండు పనులకి రెండు కొలతలు పెట్టుకోండి. ఎపిసోడ్‌లో పేర్లు పడ్డప్పుడు ఆ రోజు స్క్రిప్ట్ ఎవరిదో రాసిపెట్టుకోండి, ఓ నెల ఇలా చేస్తే పేరు చూడకుండానే కొందరిని గుర్తుపట్టేస్తారు.

తర్వాతది తేదీలు. కొత్త హెడ్ రైటర్ పేరు తెరమీద పడ్డ రోజు నుంచే కథంతా వాళ్ళదే అనుకోకండి. రాయడానికి, షూట్ చేయడానికి, ప్రసారానికి మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి, డేస్ ఆఫ్ అవర్ లైవ్స్ అనే షో అయితే చాలా ముందుగానే షూట్ చేసి పెట్టేస్తారు. పాత రైటర్ మొదలుపెట్టిన గర్భం, హత్య, కిడ్నాప్ ఏదోకటి సగంలో ఉంటుంది, కొత్తవాళ్ళు ముందు దాన్ని ఎలాగోలా గట్టెక్కించాలి. అందుకే మొదటి మూడు నెలలు నేను లెక్కలోకి తీసుకోను. అలాగే రైటర్స్ గిల్డ్, అంటే రచయితల యూనియన్, చేసిన సమ్మెల కాలం, అంటే 1981, 1988, 2007-08, 2023, ఆ రోజుల్లో ఎపిసోడ్ ఎవరి చేతిలో తయారైందో ముందు చూసుకోండి, సమ్మెలో ఉన్న రైటర్ ఖాతాలో వేరేవాళ్ళ రాత వేయడం తప్పు.

ఇంకో సంగతి, ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం అన్నది. షోని పుట్టించిన మనిషిని, నడుస్తున్న షోకి ఏడాదిన్నర కాంట్రాక్ట్ మీద వచ్చిన మనిషిని ఒకే గాటన కట్టేయకూడదు. విలియమ్ బెల్ 1973లో ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్ మొదలుపెట్టి 1998 దాకా తనే హెడ్ రైటర్‌గా ఉన్నారు. పాతికేళ్ళు! క్యాథరిన్ చాన్సలర్‌కీ జిల్ ఫోస్టర్‌కీ మధ్య మొదట్లో రాజేసిన నిప్పుని పదేళ్ల తర్వాత కూడా వాడుకోగలిగే అవకాశం ఆయనకుంది, ఎందుకంటే రేపు కూడా కుర్చీ తనదే. ఆ వెసులుబాటు మిగతావాళ్ళకి ఎక్కడిది? కాబట్టి బెల్‌ని పోల్చాలంటే ఆగ్నెస్ నిక్సన్‌తో పోల్చండి. వన్ లైఫ్ టు లివ్ 1968లో, ఆల్ మై చిల్డ్రన్ 1970లో ఆవిడ సృష్టించినవే, పైగా ఇద్దరూ రేడియో రోజుల నుంచి సోప్స్ రాసిన ఇర్నా ఫిలిప్స్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఎటెటు వెళ్ళారో చూస్తే పోలిక దానంతటదే తేలుతుంది.

బెల్ బలం నిదానం. ఒక చూపు, ఒక అనుమానం, ఆరు నెలల తర్వాత ఒక మాట. పాత్ర మనసులో ఏం ఉడుకుతోందో మనకి తెలుస్తుంది, ఎదుటి పాత్రకి తెలియదు, మనం ఆ మధ్యలో ఇరుక్కుపోతాం. బలహీనత కూడా అక్కడే మొదలవుతుంది నా దృష్టిలో, ఆయన కథల్లో డబ్బు, కంపెనీ, వారసత్వం తప్ప బయటి లోకం వాసన తక్కువ. నిక్సన్‌ది దీనికి పూర్తిగా ఎదురు దారి. 1962లో గైడింగ్ లైట్ అనే షోలో బర్ట్ బావర్ అనే గృహిణి పాత్రకి గర్భాశయ క్యాన్సర్ కథ రాసినప్పుడు క్యాన్సర్, గర్భాశయం అన్న మాటలే తెరమీద పలకడానికి వీల్లేదన్నారు, ఆ మాటలు లేకుండానే ఆడవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి అన్న సంగతి లక్షల ఇళ్ళకి చేర్చారావిడ. వన్ లైఫ్ టు లివ్‌లో తెల్లమ్మాయిగా చలామణి అవుతున్న కార్లా గ్రే అనే నల్లజాతి అమ్మాయి కథ నడిపారు, ముందు మనకి ఆ అమ్మాయి అంటే ఇష్టం కలిగించి తర్వాత నిజం చెప్పారు, చూసేవాళ్ళు తమలోకి తాము చూసుకోవాల్సి వచ్చింది. నిక్సన్ దగ్గర నాకు కనిపించే లోటు ఏంటంటే విషయం మరీ ముఖ్యమైనప్పుడు పాత్ర నోట్లోంచి సమాచారం వస్తున్నట్టు ఉంటుంది అప్పుడప్పుడు, మనిషి మాట్లాడినట్టు ఉండదు.

ఇప్పుడు అసలు పరీక్షకి వద్దాం. నా పద్ధతికి గుండెకాయ ఇదే. పెద్ద సీన్ చూసి రైటర్ని కొలవకండి. పెళ్లి, చావు, కోర్టు తీర్పు, నిజం బయటపడే సీన్, వీటికి సంగీతం ఉంటుంది, నటులు ప్రాణం పెడతారు, కెమెరా దగ్గరకొస్తుంది, యావరేజ్ రైటర్ రాసినా కళ్ళు చెమరుస్తాయి. పైగా రేటింగులు ప్రత్యేకంగా లెక్కపెట్టే ఫిబ్రవరి, మే, జూలై, నవంబర్ నెలల్లో అందరూ పెద్ద సీన్లే పెడతారు. ఆ సీన్ అయిపోయాక మూడో వారంలో, ఏ విశేషమూ లేని ఓ మంగళవారం ఎపిసోడ్ పెట్టుకుని చూడండి. జరిగింది ఎవరికైనా గుర్తుందా? వంటింట్లో మాట తీరు మారిందా? ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడటం మానేశారా?

జనరల్ హాస్పిటల్‌లో క్లెయిర్ లబీన్ 1993 నుంచి 1996 దాకా రాసిన కాలం చూడండి. 1994లో బీజే అనే చిన్నపిల్ల బస్సు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అవుతుంది, ఆ గుండెని చావుబతుకుల్లో ఉన్న కజిన్ మ్యాక్సీకి పెడతారు. బీజే తండ్రి టోనీ వచ్చి మ్యాక్సీ ఛాతీ మీద చెవి ఆనించి కూతురి గుండె చప్పుడు వింటాడు. ఆ సీన్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ లబీన్ గొప్పదనం నాకు అర్థమైంది ఆ మరుసటి ఏడాది కథలో. 1995లో స్టోన్ ఎయిడ్స్‌తో చనిపోతాడు, అతన్ని ప్రేమించిన రాబిన్‌కి హెచ్‌ఐవీ ఉందని తేలుతుంది. మామూలుగా సోప్‌లో ఏం చేస్తారు, ఏడాదికల్లా ఓ అద్భుతమైన మందు దొరుకుతుంది, లేదా టెస్టు రిపోర్టు తారుమారైందంటారు. అలా చేయలేదు. రాబిన్ మందులు వేసుకుంటూ చదువుకుంది, డాక్టరైంది, పెళ్లి చేసుకుంది, బిడ్డని కన్నది, రైటర్లు ఎందరు మారినా ఆ నిజం ఆ పాత్రతోనే ఉంది. తర్వాత వచ్చినవాళ్ళు చెరపలేనంత గట్టిగా పునాది వేయడం, అదీ రాతలో బలమంటే.

దీనికి పక్కన అదే షోలో ల్యూక్, లారా కథ పెట్టండి. 1979లో ల్యూక్ లారాని రేప్ చేస్తాడు. ఆ తర్వాత కథ మెల్లగా ప్రేమ వైపు తిప్పేశారు, 1981 నవంబర్ 16, 17 తేదీల్లో పెళ్లి, దాదాపు 3 కోట్ల మంది చూశారు, డేటైమ్ చరిత్రలో అంతకుమించిన రోజు లేదు. నటుల మధ్య కెమిస్ట్రీ, సాహసం, వేగం అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ జరిగిన నేరానికి లెక్క ఎప్పుడు చెప్పారు? 1998లో, వాళ్ళ కొడుకు లక్కీకి తండ్రి చేసింది తెలిసినప్పుడు. పంతొమ్మిదేళ్ళు పట్టింది, అది కూడా వేరే రైటర్లు వచ్చి తేల్చాల్సి వచ్చింది. రేటింగ్ ఎంత ఆకాశానికి ఎక్కినా నా నోట్‌బుక్‌లో ఆ బాకీ రాసే ఉంటుంది.

ఇలాంటిదే ఇంకో జత, వన్ లైఫ్ టు లివ్. మైకేల్ మలోన్ నవలా రచయిత, 1991లో సోప్‌కి వచ్చారు. 1993లో మార్టీ అనే కాలేజీ అమ్మాయి మీద జరిగిన గ్యాంగ్ రేప్ కథలో ఆయన నేరం దగ్గర ఆగలేదు, నిందితుల తరపున వాదిస్తున్న లాయర్ నోరాకి తన క్లయింట్ టాడ్ నిజంగానే తప్పు చేశాడని అర్థమయ్యాక ఆవిడ పడే నలుగులాట, ఊరు రెండుగా చీలడం, మార్టీని నమ్మనివాళ్ళ సిగ్గు, అన్నిటికీ చోటు పెట్టారు. అదే షోలో 2008లో రాన్ కార్లివాటి రాసిన ట్రాక్‌లో మార్టీకి గతం గుర్తుండదు, టాడ్ ఆమెని దాచి ఉంచుతాడు, చివరికి అతనితోనే దగ్గరవుతుంది. నాకు ఇప్పటికీ మింగుడుపడని కథ అది. అయితే ఆ ఒక్కదాన్ని పట్టుకుని కార్లివాటిని తీసిపారేస్తే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. ఆయనకి షో చరిత్ర అరచేతిలో ఉంటుంది, ఎప్పుడో పోయిన పాత్రని సరైన రోజున తలుపు దగ్గర నిలబెట్టడం, హాస్యం, పరుగు, ఇవన్నీ బలాలు. 2008లో షోకి 40 ఏళ్ళు నిండితే బో, రెక్స్ అనే ఇద్దరు పాత్రల్ని 1968కి పంపించి పాత కుటుంబాల కథ కొత్తవాళ్ళకి కూడా అర్థమయ్యేలా చూపించారు. లోటల్లా ఆగకపోవడం, ఒక దెబ్బ తగిలిన పాత్ర కూర్చుని ఏడ్చేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది.

చరిత్రని ఎలా వాడుకున్నారు అన్నది విడిగా చూడాల్సిన సంగతే. డగ్లస్ మార్లాండ్ 1985 నుంచి 1993లో చనిపోయేదాకా యాజ్ ద వరల్డ్ టర్న్స్ రాశారు. కొత్త షోకి వెళ్ళే రైటర్లకి ఆయన చెప్పిన సలహాలు చాలా సాదా మాటలు: షో చూడండి, దాని చరిత్ర నేర్చుకోండి, ప్రేక్షకుల ఉత్తరాలు చదవండి, అందరితో మాట్లాడండి, ముఖ్య పాత్రల స్వభావం మార్చకండి, కొత్త పాత్రల్ని మెల్లగా నాటండి, ఆరు నెలల దాకా ఎవర్నీ తీసేయకండి. ఆయన కూడా అలాగే చేశారు. పాత హ్యూస్ కుటుంబాన్ని మళ్ళీ మధ్యకి తెచ్చారు, స్నైడర్ అనే రైతు కుటుంబాన్ని ఒక్కొక్కరిగా పరిచయం చేసి లిల్లీ కన్నతల్లి ఐవా అన్న ముడితో పాత ఇళ్ళకి అతికించారు. 1988లో హ్యాంక్ ఇలియట్ అనే గే పాత్రని తెచ్చినా అలజడి కోసం తెచ్చినట్టు ఉండదు, ముందు అందరితో కలిసి పనిచేసుకునే మనిషిగా తెలుస్తాడు. లోటు చెప్పమంటే, స్నైడర్లు ఎక్కువైపోయారని, కొన్ని నెలలు కథ నత్తనడక నడిచిందని చెప్తాను.

చరిత్రని చెడగొట్టడం ఎలా ఉంటుందో చూడాలంటే ఆల్ మై చిల్డ్రన్. 1973లో ఆ షో ముఖ్య పాత్ర ఎరికా కేన్ అబార్షన్ చేయించుకుంది, అమెరికాలో అది చట్టబద్ధమైన కొద్దికాలానికే, డేటైమ్‌లో చట్టబద్ధమైన అబార్షన్‌ని అప్పటిదాకా ఎవరూ చూపించలేదు. 2006కి వచ్చేసరికి మేగన్ మెక్‌టావిష్ రాసిన కథలో ఆ అబార్షన్ జరగనే లేదట, డాక్టర్ ఆ పిండాన్ని తన భార్య కడుపులో పెట్టాడట, ఇప్పుడు ఆ కొడుకు ఎదురుగా ఉన్నాడట. ఒక కొత్త పాత్ర కోసం ముప్పై ఏళ్ల కిందటి అతి ముఖ్యమైన నిర్ణయాన్ని తుడిచేశారు. మెక్‌టావిష్‌కి పెద్ద సంఘటనలతో జనాన్ని కూర్చోబెట్టే శక్తి ఉంది, 2003-04లో ఎరికా కూతురు బియాంకా కథ చూసినవాళ్ళెవరూ కాదనరు, కానీ ఈ ఒక్క పని షో వెన్నెముక మీద దెబ్బ. యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్‌లో క్యాథరిన్, జిల్ సంగతీ అంతే, 2003లో వాళ్ళు తల్లీకూతుళ్ళన్నారు, 2009లో కాదన్నారు, మధ్యలో ఆరేళ్ళు చూసినవాళ్ళ కన్నీళ్ళు ఏమైనట్టు?

అందుకని ప్రతి రైటర్ దగ్గరా ఓ ప్రశ్న వేసుకోండి: వీళ్ళు వచ్చినప్పుడు ఈ పాత్ర గురించి మనకి తెలిసినవాటిలో ఎన్ని వీళ్ళు వెళ్ళేనాటికి ఇంకా నిజం?

జేమ్స్ రైలీ విషయంలో చాలామంది పొరపాటు పడతారు, నవ్వి వదిలేస్తారు. వదలకండి. 1993లో డేస్ ఆఫ్ అవర్ లైవ్స్‌కి వచ్చి వివియన్ చేత కార్లీని బతికుండగానే పాతిపెట్టించారు, 1994-95లో మార్లీనాకి దయ్యం పట్టించారు, రేటింగులు పెరిగాయి, అప్పటిదాకా సోప్ చూడని కుర్రకారు కూడా చూశారు. భయం ఎలా పెంచాలో, శుక్రవారం ఎక్కడ ఆపాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదంటాను నేను. కానీ ఆ ఉత్కంఠ నిలబడాలంటే ఊళ్ళో అందరూ తెలివితక్కువగా ఉండాలి, ఒక్కరు సూటిగా ఒక్క ప్రశ్న అడిగితే కథ అయిపోతుంది కాబట్టి ఎవరూ అడగరు, ఒకే రాత్రి వారాలు సాగుతుంది, నిన్న చెప్పిన రహస్యం ఈరోజు మళ్ళీ గోడకి చెప్తారు. 2003-04లో తిరిగొచ్చి పాత పాత్రల్ని వరసగా చంపించి, తర్వాత అందరూ మెలాస్వెన్ అనే దీవిలో క్షేమంగా ఉన్నారన్నారు, ఆ పేరుని ఇంగ్లీషులో తిరగేస్తే న్యూ సేలం, సేలం అంటే ఆ షో జరిగే ఊరు. ఏడ్చినవాళ్ళకి చావు అన్నమాటకి విలువ లేకుండా పోయింది, ఆ నష్టం ఆ తర్వాత వచ్చిన ప్రతి రైటర్ మోయాల్సిందే. అన్నట్టు సస్పెన్స్ రాసేవాళ్ళని పోల్చాలంటే రైలీ పక్కన హెన్రీ స్లెసార్‌ని పెట్టండి. ద ఎడ్జ్ ఆఫ్ నైట్‌కి 1968 నుంచి పదిహేనేళ్ళు క్రైమ్ కథ నడిపారు, ఆయన దగ్గర ఆధారాలన్నీ ముందే మన కళ్ళెదుట ఉంటాయి, ముగింపుకి వచ్చాక వెనక్కి చూస్తే అతికినట్టు సరిపోతుంది. భావోద్వేగం పాళ్ళు మాత్రం తక్కువ.

షో నిడివి కూడా లెక్కలోకి తీసుకోండి. ద బోల్డ్ అండ్ ద బ్యూటిఫుల్ అరగంట షో, పాత్రలు తక్కువ, కాబట్టి బ్రాడ్లీ బెల్ ఒకే ముక్కోణం చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరుగుతారన్న ఫిర్యాదు నిజమే అయినా గంట షోలతో సమానంగా తూచకండి. అనదర్ వరల్డ్ 1975లో గంట అయింది, 1979లో ఏకంగా గంటన్నర చేశారు. హార్డింగ్ లెమే 1971 నుంచి ఆ షోలో రేచెల్ లాంటి కుట్రల మనిషిని మ్యాక్ కోరీతో పెళ్లి దాకా ఎంత లోతుగా మార్చుకొచ్చారో, అంత మంచి రైటర్ కూడా ఆ గంటన్నర వచ్చిన ఏడాదే వెళ్ళిపోయారు. అంత నిడివి రోజూ నింపాలంటే ఎవరి రాతైనా పలచబడుతుంది.

ఇక మొదలుపెట్టేటప్పుడు చేయాల్సింది: ఇద్దరు రైటర్లని ఎంచుకోండి, ఒక్కొక్కరివి మూడు వారాలు, అందులో పెళ్లిళ్ళు, అంత్యక్రియలు లేని వారాలు, రేటింగ్ నెలలు కాని వారాలు. నోట్‌బుక్ పైన మీ ఇష్టమైన జంట పేరు రాసుకోండి, ఎక్కడ మొగ్గుతున్నారో మీకే తెలియాలి. ఒకసారి కళ్ళు మూసుకుని సౌండ్ మాత్రం వినండి, నటుల గొంతుని కాదు, వాక్యాన్ని పట్టుకోండి, ఆ మాట వేరే పాత్ర నోట్లో పెట్టినా సరిపోతే డైలాగ్ రైటర్ ఆ రోజు కష్టపడలేదన్నట్టే. ఒక రహస్యాన్ని ఎంచుకుని అది ఎవరెవరికి తెలుసో పేర్లు రాయండి, కొత్తవాళ్ళెవరికీ తెలియకుండానే అదే రహస్యాన్ని ఎన్నిసార్లు తిరిగి చెప్పారో గీతలు పెట్టండి, ఎక్కడ సాగదీస్తున్నారో ఆ గీతలే చూపిస్తాయి. పెద్దవాళ్ళ పాత్రలు, అంటే అరవై దాటినవాళ్ళు, సలహా చెప్పడం కాకుండా తమ సొంత కథతో ఎన్ని రోజులు కనిపించారో కూడా చూడండి, దీన్ని చాలామంది మర్చిపోతారు, నాకైతే మార్లాండ్, లబీన్ మీద గౌరవం సగం అక్కడే వచ్చింది.

మొదటి జతగా మార్లాండ్ రాసిన యాజ్ ద వరల్డ్ టర్న్స్, రైలీ రాసిన తొంభైల నాటి డేస్ పెట్టుకుంటే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రెండో జత కొంచెం కష్టం, మలోన్, కార్లివాటి, ఒకే ఊరు, అవే పాత్రలు, మధ్యలో పదిహేనేళ్ళు. దానికి మూడు వారాలు సరిపోవు, ఆరు వారాలు తీసుకోండి, మార్టీ ఉన్న ప్రతి సీన్ విడిగా రాసిపెట్టుకోండి.